ఇరువురి పేర ఒక పద్యము

రాజమహేంద్రవరమునుండి వేంగీదేశమును పాలించిన రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్ది నడుమ నారాయణభట్టను పండితునకు నందంపూడి యను గ్రామమును అగ్రహారముగ దానమిచ్చెను. రాజులు పండితులకు గ్రామములిచ్చుట ఆ కాలమున వింతగాదు. రాగిరేకులపై చెక్కించిన అట్టి దానశాసనములు మనకు అనేకములు లభించినవి. అయినను నందంపూడి శాసనమునకు ఒక విశేషము కలదు. అందు దానగ్రహీతయైన నారాయణభట్టును సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలయందు సుకవియని కొనియాడుచు శాసనమును రచించినవాడు నన్నయభట్టు. ఆ నన్నయయే మహాభారతమును తెనిగింప బూనినపుడు, తన గ్రంథపు అవతారికలో ఆ నారాయణభట్టును తన సహాధ్యాయునిగా పేర్కొని, కురుక్షేత్రమున అర్జునునకు నారాయణుడెట్లు తోడై నిలిచెనో భారతరచనయందు తనకు ఈ నారాయణు డట్లు తోడయ్యెనని చెప్పుకొనెను. ఆ తోడు ఎట్టిదో నన్నయ విడమరచి చెప్పలేదు. సారథి రథమును నడపునే కాని బాణము వేయడు గదా; ఎంతవరకు మిత్రుడు కలుగజేసికొనెనో, ఎక్కడ చేయి వెనుకకు తీసికొనెనో ఆ ఉపమానమునందే చెప్పబడినదని నా అభిప్రాయము. తెలుగున మనకు దక్కిన తొలి మహాకావ్యము, రాజును స్తుతించిన పుటలలోనే చదువుకున్ననాటి చెలికానిని తలచుకొని మొదలైనదన్న మాటను మన సాహిత్యచరిత్రకారులు చెప్పి దాటిపోవుదురు. నేను అక్కడ కొంచెము సేపు ఆగదలచితిని.

ఏలయనగా కవిత్వము స్వభావముచేత అహంకారమును పెంచు విద్య. మన ప్రబంధములను తెరచి చూచినచో కవి తన వంశమును, గోత్రమును, తండ్రిపేరును, బిరుదములను ఎంత శ్రద్ధతో లిఖించుకొనెనో తెలియును. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి ముగిసిన పిమ్మట కుకవినింద వచ్చును. ఆ నిందయందు తన సమకాలికు లెవరెవరు అణగియున్నారో ఆనాటి శ్రోతకు తెలిసియే యుండును. ప్రతి ఆశ్వాసము చివరను గద్యలో కవి తన పేరును మరల ఒకమారు ముద్రవేసినట్లు చెప్పుకొనును. తాళపత్రము చేతులు మారినను, ప్రతి వ్రాసిన లేఖకుడు పొరబడినను, ఆ పేరు చెడకుండునట్లు చేసికొన్న ఏర్పాటది. పేరునకు ఇంత విలువ కట్టిన సంప్రదాయములోనే, ఇరువురు కవులు కలిసి ఒకే కావ్యమునకు కర్తలై, ఏ పద్యమెవరిదో లోకమునకు చెప్పక, ఉమ్మడిపేరుతో నిలిచిన ఆచారము పుట్టి, నాలుగైదు శతాబ్దుల కాలము మెట్టుమెట్టుగా పెరిగి, ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఊరూర పందిళ్ళు వేయించుకొన్నంత స్థితికి వచ్చినది. జంటకవులన్న మాట మనకు ఎంత పరిచితమైనదనగా, అందలి ఆశ్చర్యమును మనము పూర్తిగా మరచిపోయితిమి.

కావ్యమును పంచుకొనుట అన్నది మొదట అవసరమునుండి పుట్టినట్లు కనబడుచున్నది. భాస్కర రామాయణమును చూడుడు. హుళక్కి భాస్కరుడు, అతని కుమారుడు మల్లికార్జునభట్టు, శిష్యుడు కుమార రుద్రదేవుడు, మిత్రుడు అయ్యలార్యుడు—ఈ నలువురి చేతులమీదుగా ఆ కావ్యము పూర్తియైనది. యుద్ధకాండమున మిగిలిన భాగమును అయ్యలార్యుడు పూరించెను. కుమారుడు వ్రాయుట వారసత్వము. శిష్యుడు వ్రాయుట గురుఋణము. స్నేహితుడు వ్రాయుటకు అట్టి కట్టుబాటు ఏదియు లేదు. ఇట్టిదే మరియొక మార్గమున ఎఱ్ఱన చేసినపని. నన్నయ ఆరణ్యపర్వమున విడిచిపోయిన భాగమును, ఆయనకు సుమారు మూడువందల యేండ్ల తరువాతివాడైన ఎఱ్ఱన పూరించి, నన్నయయే వ్రాసినట్లు భాసించునట్లుగా రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. ఎన్నడు చూడని వానితో చేసిన చెలిమి యది యని చమత్కారముగ అనవచ్చును గాని, ఆ చమత్కారమునకు పోక, వినయమనుటయే యుక్తము.

ఇద్దరును బ్రతికియుండి, ఇద్దరును శక్తులై, ఇద్దరును సమానముగ కర్తృత్వము వహించిన తొలి జంట నంది మల్లయ, ఘంట సింగన. వారు 15వ శతాబ్ది ఉత్తరార్ధమునకు చెందినవారు, మామా అల్లుళ్ళు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమును వారు తెలుగున పద్యకావ్యముగ మార్చిరి. వరాహపురాణమును రచించి, కృష్ణదేవరాయల తండ్రియైన తుళువ నరసనాయకునకు అంకితమిచ్చిరి. కామక్రోధాదులు, వివేకవైరాగ్యాదులు పాత్రలై తిరుగు ప్రబోధచంద్రోదయము వంటి గ్రంథమును ఒక్కడు వ్రాసినచో అతని పాండిత్యమునకు ప్రదర్శనమగును. ఇద్దరు కలిసి వ్రాసినచో అహంకారమనెడు పాత్రను ఎవరు వర్ణించిరో యని పాఠకునకు చిలిపి సందేహము కలుగును. ఆ తరువాత నాలుగువందల యేండ్లవరకు జంటకవిత్వము అక్కడక్కడ కనబడినను ఆచారమని చెప్పదగినంత బలము పొందలేదు. ప్రబంధయుగము ఏకవీరుల యుగము. రాయల సభలో కవులు ఒకే భవనమున కూర్చుండిరి గాని ఒకే పద్యమున కూర్చుండలేదు.

జంటకవిత్వమునకు కొత్త ప్రాణము పోసినది అవధానము. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున ఈ విద్య ఆంధ్రదేశమున విజృంభించుటకు కారణములు పైకి కనబడునంత సరళములు కావు. పెద్దరాజ్యములు పోయి చిన్నసంస్థానములు మిగిలినవి. నిజాము రాజ్యమున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, మద్రాసు రాజధానిలో వెంకటగిరి, పిఠాపురము, విజయనగరము వంటి ఆస్థానములు పండితునకు ఒక శాలువయు, సంభావనయు, అదృష్టము కలిసివచ్చినచో ఏటేట వార్షికమును ఇచ్చుచుండెను గాని, ఒక కవిని జీవితాంతము కూర్చుండబెట్టి పోషించు శక్తి వానిలో అనేకములకు లేకపోయెను. కవి సంచారి కావలసివచ్చెను. సంచారియైన కవి పదిరోజులలో తన శక్తిని చూపి ముందుకు సాగవలెను. పదిసంవత్సరములు పట్టు ప్రబంధము అతనికి పనికిరాదు. మరియొక వంక, ఇంగ్లీషు చదువులతో పట్టణములలో వకీళ్ళు, ఉపాధ్యాయులు, తాసీల్దార్లు అను కొత్త శ్రోతలు ఏర్పడిరి. వీరికి పూర్వకావ్యములపై మమకారము కలదు; కూర్చుండి చదువు తీరిక లేదు. సభలో కనులయెదుట పద్యము పుట్టుట చూచిననే వారికి కవియందు నమ్మకము.

శతావధానమున నూరుగురు పృచ్ఛకులు వరుసగా కూర్చుందురు. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు వర్ణన నడుగును, ఒకడు తనకు వలసిన నాలుగు పదములిచ్చి వానిని పద్యమున పొదుగుమనును. అవధాని మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు పోవును. రెండవ ఆవృత్తిలో రెండవ పాదము. ఇట్లు నాలుగావృత్తులు గడచునప్పటికి నూరు పద్యములు పూర్తి కావలెను. అంతటితో తీరదు. చెప్పిన పద్యములన్నింటిని, కాగితమును ముట్టకుండ, వరుసతప్పకుండ, మరల అప్పగింపవలెను. దానికి ధారణ యని పేరు. కల్పనాశక్తి కలవానికి ధారణ ఉండకపోవచ్చును. ధారణ కలవానికి సభను నవ్వించు సమయస్ఫూర్తి లోపింపవచ్చును. రెండు బుద్ధులు ఒకదానికొకటి అండయైనచో ఈ బరువును మోయుట సులువని ఎవరికైనను తోచును.

తోచుట వేరు, చేయుట వేరు. తెలుగు పద్యమునకు గల నియమములను ఎరిగినవారికి అందలి చిక్కు తెలియును. ఉత్పలమాలలో పదవ అక్షరము మొదటి అక్షరముతో యతి కలియవలెను, చంపకమాలలో పదునొకండవది కలియవలెను. అది పాదము చెప్పువాని బాధ్యత. ప్రాస అట్లుగాదు. మొదటి పాదమున రెండవ అక్షరముగ ఏ హల్లు పడినదో అదే తక్కిన మూడుపాదములందును రావలెను. ఒకరు ఎత్తుకొన్న పద్యమును రెండవవారు అందుకొనునపుడు, మొదటివారు వేసిన ప్రాసకు రెండవవారు బద్ధులు. మొదటివారు తమ చమత్కారము కొరకు అరుదైన సంయుక్తాక్షరమును ప్రాసలో నిలిపిరా, సభ వారికి చప్పట్లు కొట్టును. ఆ చప్పట్ల అప్పును తీర్చవలసినవాడు ప్రక్కనున్న మిత్రుడు. కావున జంటలో మొదటిపాదము చెప్పువాడు తన మాట తనకు అందముగ ఉన్నదా యని మాత్రమే గాక, తన చెలికానికి దారి మిగులునా యని కూడ క్షణములో ఆలోచింపవలెను. స్నేహమును గురించి నీతిశాస్త్రములు చెప్పిన మాటలు మనకు చాల కలవు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను తరతరముల బాలురు పాఠముగ వల్లించిరి. ప్రాసాక్షరము నేర్పిన పాఠము వానికంటె కఠినమైనదని నాకు తోచును. అక్కడ తప్పు చేసినచో శిక్ష తనకు గాక స్నేహితునకు పడును.

ఈ విద్యకు పరమావధియైన జంట తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో భీమవరము ప్రాంతమునందలి యండగండిలో పుట్టెను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో కడియమున పుట్టి యానాములో పెరిగెను. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. వ్యాకరణము చెప్పుకొనుటకు ఒకే అరుగున చేరిన విద్యార్థులలో మొదట పుట్టునది స్పర్ధయే గాని మైత్రి కాదు. వినాయకచవితి ఉత్సవమునకు చందాలు పోగుచేయు సందర్భమున వీరిరువురి నడుమ ఒక చిన్న వివాదము లేచినదనియు, ఆ వాదములోనే ఒకరి శక్తి ఒకరికి తెలియవచ్చినదనియు చెప్పుదురు. వేంకటశాస్త్రి మాటకారి, పురాణము చెప్పుట, ప్రతిపక్షిని చమత్కారముతో నిలవేయుట, సభను నవ్వించుట అతనికి పుట్టువుతో వచ్చిన గుణములు. తిరుపతిశాస్త్రి శాస్త్రమున లోతెరిగినవాడు, కల్పనాచతురుడు. రెండేండ్లు పెద్దవాడైన వేంకటశాస్త్రిని తిరుపతిశాస్త్రి గురుతుల్యునిగా చూచెను. ఆ పెద్దవాడు తన మిత్రుని పాండిత్యమునకు తలయొగ్గెను. ఉమ్మడిపేరున చిన్నవాని పేరే ముందు నిలిచినది. ఆ పేరు వినినవారికి ఏడుకొండలవాడు తలపునకు వచ్చుట అదనపు లాభము. అంతటి వ్యవహారజ్ఞులు ఆ లాభమును గమనింపకుండిరని నేననుకొనను.

వారిరువురును కలిసి ఆంధ్రదేశమును ఆ మూలనుండి ఈ మూలకు తిరిగిరి. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి మొదలైన సంస్థానములలో చెప్పిన పద్యములు నానారాజసందర్శనమన్న గ్రంథమున చేరినవి. ఎడ్లబండ్లపై, పడవలపై సాగిన ఆ యాత్రలలో పద్యమునకు ఎంత చోటుండెనో, వసతికి, పథ్యమునకు, రాజదర్శనమునకై ద్వారముల వద్ద కాచుకొని యుండుటకు అంతకంటె ఎక్కువ చోటుండెను. ఇరువురు కలిసి అవమానము పడుటలో ఒక సౌకర్యము కలదు: రాత్రి బసకు వచ్చి దానిని పద్యముగ మార్చుకొని నవ్వుకొనవచ్చును. సంస్కృతపండితులైన బ్రాహ్మణులు మీసములు పెంచుటేమని ఆక్షేపించినవారికి, ఉభయభాషలలో తమకు మించిన కవులు లేరని చాటుటకే పెంచితిమనియు, గెలువగలవా రెవరైన వచ్చినచో మీసములు తీసివేసి మ్రొక్కుదుమనియు వారు పద్యముననే బదులు చెప్పిన కథ జగమెరిగినది. ఒక్కడు ఆ మాట యన్నచో అది గర్వముగ మిగులును. ఇద్దరు ముక్తకంఠముతో అన్నప్పుడు లోకము నవ్వి ఊరకొన్నది.

లోకమంతయు నవ్వి ఊరకొనలేదనుటయు నిజమే. జంటకు ఎదురుగ జంటలు లేచినవి. గుంటూరుసీమలో కొప్పరపు సోదరకవులు—వేంకటసుబ్బరాయకవి, వేంకటరమణకవి—ఆశుకవిత్వ వేగమున అద్వితీయులని పేరొందిరి. పిఠాపురపు ప్రాంతమున ఓలేటి వేంకటరామశాస్త్రియు, వేదుల రామకృష్ణశాస్త్రియు వేంకట రామకృష్ణకవులన్న పేరుతో తిరుపతి వేంకటకవులపై కత్తిగట్టిరి. పత్రికలలో, కరపత్రములలో, సభలలో సాగిన ఆ వాదోపవాదములకు పుట్టిన గ్రంథములలో గీరతము వంటివి నేడు చదువబోయినచో, ఛందస్సు తప్పని తిట్టు ఎంత అలసట కలిగించునో తెలియును. ఒక వ్యాకరణదోషముపై పుటలకు పుటలు వ్రాసిన ఆ మహానుభావుల శక్తిలో సగము కథాకావ్యములపై వ్యయమైయుండినచో మనకు ఎంత మేలగునో గదా! అయితే ఈ కలహములందు ఒక విషయము గమనింపదగినది. ప్రత్యర్థులు ఎంత ప్రయత్నించినను జంటలోని ఒకనిని రెండవవానినుండి విడదీసి తిట్టలేకపోయిరి. దోషము ఎవరిదని అడుగుటకు వీలులేదు; దోషము ఇద్దరిది. నింద పంచుకొనుటకు సిద్ధపడని వానికి జంటకవిత్వమున చోటు లేదు. రామకృష్ణశాస్త్రి ముప్పదియేండ్లైన నిండక 1918లో కాలధర్మము నొందుటతో ఆ జంట మధ్యలో తెగినది.

తిరుపతి వేంకటకవుల గ్రంథములలో జనుల నాలుకలపై నిలిచినవి పాండవోద్యోగ విజయములు. ఆ నాటకపద్యములను పాడని హార్మోనియము తెలుగుపల్లెలలో ఉండెడిది కాదు. చదువురాని పశులకాపరి సైతము కృష్ణరాయబారపు పద్యములను రాగము తీయుచు పాడెను. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు కృష్ణపాత్రమున ఆ పద్యములను చదువునపుడు జనులు వన్స్‌మోర్ అని కేకలు వేసి తెల్లవారునట్లు చేసిరి. ఆ జనాదరణమునకు రాగమే కారణమని కొందరందురు. నేను ఒప్పుకొనను. ఉద్యోగపర్వము మొదటినుండి చివరవరకు స్నేహపరీక్షల కథ. నిద్రపోవు కృష్ణుని కాళ్ళయొద్ద కూర్చుండిన అర్జునుడు, తలయొద్ద కూర్చుండిన దుర్యోధనుడు. ఒకడు ఆయుధము పట్టని మిత్రుని కోరుకొనెను, రెండవవాడు సైన్యమును కోరుకొని లాభము పొందితినని సంతసించెను. సంధి చెడిన పిమ్మట కృష్ణుడు కర్ణుని ఏకాంతమున కలిసి, నీవు కుంతీపుత్రుడవు, రాజ్యము నీదేయని చెప్పగా, కర్ణుడు ఆ సత్యమును నమ్మియు, తన పక్షము ఓడునని యెరిగియు, దుర్యోధనుని విడువనని చెప్పి, ఈ రహస్యమును ధర్మరాజునకు తెలుపవలదని వేడుకొనెను. తప్పుడు మనుష్యునియందు నిలిపిన నిజమైన స్నేహము ఏమగునన్న ప్రశ్నకు వ్యాసుడు సులభమైన సమాధానమీయలేదు. కర్ణుని నిందింపనులేదు, రక్షింపనులేదు. ఈ ఘట్టములను నాటకముగ మలచుటకు కూర్చుండిన ఇద్దరు కవులు, స్నేహము అను వస్తువును పుస్తకములలోనే గాక తమ బండిలో, తమ బసలో, తమ సంపాదనలో పరీక్షించి చూచినవారు. పద్యమునకు ఆ పదును అందుండి వచ్చినదని నా నమ్మకము.

1920లో తిరుపతిశాస్త్రి నలువదియెనిమిదియేండ్ల వయసున గతించెను. వేంకటశాస్త్రి మరి ముప్పదియేండ్లు జీవించెను. ఆ ముప్పదియేండ్లలో ఆయన వ్రాసినది తక్కువ కాదు. ఆయన ఒంటరిగ వ్రాసిన గ్రంథములు కూడ తిరుపతి వేంకటకవుల పేరుననే వెలువడినవి. చనిపోయిన మిత్రుని పేరును తన పేరునకు ముందు నిలిపి, అతడు చూడని గ్రంథములకు అతనిని కర్తగ ప్రకటించుట న్యాయశాస్త్రము చూపుతో చూచినచో అసత్యమే యగును. ఎఱ్ఱన నన్నయకు చేసినది ఇదియే గాని, ఎఱ్ఱనకు నన్నయ పురాణపురుషుడు. వేంకటశాస్త్రికి తిరుపతిశాస్త్రి నిన్నటివరకు ప్రక్కన కూర్చుండి ప్రాస అందుకొన్నవాడు. 1949లో మద్రాసు ప్రభుత్వము వేంకటశాస్త్రిని ఆస్థానకవిగ నియమించెను. ఆ పదవి ఒక్కని పేరనే వచ్చినది. ఉమ్మడిపేరునకు పదవులిచ్చు పద్ధతి ప్రభుత్వములకు తెలియదు. మరుసటి సంవత్సరము శివరాత్రినాడు ఆయన కన్నుమూసెను. తన జీవితమును గురించి, తన కాలమును గురించి ఆయన వచనమున చెప్పుకొన్న కథలు-గాథలు చదివినవారికి, ఆ తిరుపతిశాస్త్రి ఎంత తరచుగ సంభాషణలోనికి వచ్చి కూర్చుండునో తెలియును.

వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలున తెలుగు పండితుడుగ ఉన్న కాలమున ఆయనయొద్ద చదివినవారిలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు కలరు. గురువునుండి విశ్వనాథ ధారను తీసికొనెనందురు. పింగళి కాటూరులు జంటను తీసికొనిరి. తొలకరి, సౌందరనందము వారిరువురి ఉమ్మడి కృతులు. అశ్వఘోషుని సంస్కృతకావ్యము నాధారము చేసికొని వ్రాసిన సౌందరనందమును వారు గురువునకే అంకితమిచ్చిరి. అది అవధానపు వేగమునుండి పుట్టిన గ్రంథము కాదు. ఇద్దరు సహాధ్యాయులు తీరికగ కూర్చుండి చెక్కినది. ఆ నునుపు చూచినవారికి అతుకు కనబడదు.

ఒక మాట ఇచ్చట చెప్పక తప్పదు. నేను పేర్కొన్న జంటలన్నియు పురుషులవే. మొల్ల ఒంటరిగ వ్రాసినది. తాళ్ళపాక తిమ్మక్కయు అంతే. స్త్రీకి గురుకులపు అరుగు లేదు. సహాధ్యాయిని దొరకు చోటు లేదు. బండి యెక్కి ఊరూర సంచరించు స్వేచ్ఛ లేదు. సంచారకవుల ఇండ్లను నెలల తరబడి నడిపిన ఆ గృహిణులు తమలో తాము చెప్పుకొన్న మాటలు దంపుళ్ళపాటలలో కొన్ని మిగిలినవి. అవియు ఉమ్మడి కృతులే. వానికి పేరైనను లేదు.

అవధానయుగము ముగియుచుండగ కవిత్వములో స్నేహము స్థానము మార్చుకొనెను. అంతవరకు కవులను కలుపు సాధనముగ నున్నది ఇప్పుడు కావ్యవస్తువైనది. రాయప్రోలు సుబ్బారావు తృణకంకణములో, చిన్ననాట ప్రేమించుకొని పెండ్లికి నోచుకోని యువతీయువకులు మరల కలిసినపుడు, ఆ ప్రేమ చెలిమిగ మారి, గడ్డిపోచల కంకణము దానికి గురుతగును. అట్టి మైత్రి లోకమున సాధ్యమా యని ఆనాడు వాదములు నడచినవి. కవులు కలిసికొను తీరును మారినది. 1919లో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి తెనాలిలో సాహితీసమితిని నెలకొల్పెను. సభ్యులు ఆయనను అన్నగారని పిలిచిరి. ఇచ్చట ఎవరి పద్యము వారిదే. చదువుట, వినుట, మెచ్చుట, దిద్దుట మాత్రము ఉమ్మడి. భావకవి నేను అన్న మాటను విడువడు. నా వేదన, నా ఊర్వశి అని వ్రాయువానికి ఇంకొకనితో పాదము పంచుకొనుట ఎట్లు కుదురును? అయినను ఆ యుగముననే పిఠాపురమున బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశము వేంకట పార్వతీశకవులై, 1922లో ఏకాంతసేవ ప్రకటించిరి. భక్తుని ఆంతరంగిక వేదనను, పేరుననే ఏకాంతము కల కావ్యమును, ఇద్దరు కలిసి వ్రాసిరి! విమర్శకులు దీనిని వైరుధ్యముగ ఎంచవచ్చును. నాకు మాత్రము ఆ జంటకే చెల్లిన ధైర్యముగ తోచును.

తరువాత జంటలు పలుచబడినవి. కారణమును మారిన అభిరుచిపై మోపుట వాడుక. నేను ఉద్యోగములపై మోపుదును. సంచారకవికి జంట అనుకూలము. నెలజీతపు కవికి కాదు. కాటూరి బందరున కృష్ణాపత్రిక సంపాదకత్వము వహించెను. పింగళి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఒకరు రాజకీయ వ్యాసము వ్రాయుచుండగ మరియొకరు తరగతిలో సాహిత్యచరిత్ర చెప్పుచుండిరి. పౌలస్త్యహృదయమును కాటూరి ఒంటరిగ వ్రాసెను.

రాయలసీమలో ప్రొద్దుటూరి జంట కథ ఇంకొక విధమైనది. దుర్భాక రాజశేఖర శతావధానియు, గడియారము వేంకట శేషశాస్త్రియు రాజశేఖర వేంకటశేషకవులన్న పేర కలిసి అవధానములు చేసిరి. ఆపై ఎవరి దారి వారు పట్టి, ఎవరి మహాకావ్యము వారు వ్రాసిరి. దుర్భాకవారు రాణాప్రతాపసింహచరిత్రను, గడియారమువారు శివభారతమును రచించిరి. ఒకే ఊరివారు, ఒకే సభలలో పద్యము పంచుకొన్నవారు, విడివడి కూర్చుండి వ్రాయునపుడు, మొగలుపాదుషాలకు లొంగక నిలిచిన ఇద్దరు వీరులను చెరియొకనిని ఎన్నుకొనిరి. పరాయిపాలనలో నున్న దేశమున ఆ కాలపు ఉద్వేగమే దానికి కారణమని చెప్పవచ్చును, తప్పులేదు. రెండు గ్రంథములను వరుసగ చదివినవాడు మాత్రము ఆ మాటతో తృప్తిపడడు. ఒకరు ఎత్తిన పాదమునకు మరియొకరు అందుకొన్న పాదమును వెదకుచునే చదువును.